ఇరవై ఒక్క రోజుల కప్పకావడి

కావడికి రెండు రోజుల ముందు

ఈ దినచర్య రాయడం నా ఉద్యోగంలో భాగమట. ఉద్యోగం పేరు స్థానిక సమన్వయకర్త. ఊళ్ళో ఆ పేరుకు ఎవరికీ నోరు తిరగదు కాబట్టి పాత అలవాటు చొప్పున పంతులనే పిలుస్తున్నారు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన పుణ్యం ఊరికే పోతుందా! ఆఫీసువాళ్ళు మీట నొక్కితే వెలిగే పలక ఒకటి ఇచ్చారు. రోజూ అందులో మూడు గడులు నింపి పంపాలి. ఊరివాళ్ళు ఏం చేశారు, ఏం సూచించారు, మీకేమనిపించింది. మూడో గడి అన్నిటికన్నా పెద్దది. మనిషికి ఏమనిపించిందో రాయడానికి ఇంత చోటిచ్చిన ఆఫీసును నేను నా సర్వీసులో చూడలేదు.

మా బూదిగుట్టపల్లికి నాలుగేళ్ళ తర్వాత వాన తేదీ దొరికింది. పడమటి కొండల మీద మబ్బు గొలుసు కట్టినప్పటి నుంచి ఏ మబ్బూ దానంతటది మా దాకా రావడం లేదు. ఈ ఆఫీసువాళ్ళు అన్నిటినీ అక్కడే పట్టి, ఊరూరికీ తేదీలేసి వదులుతారు. మాలాంటి చిన్న ఊళ్ళకు తేదీ కావాలంటే ఒక ఉత్సవం ఉండాలి. దాన్ని ఊరివాళ్ళే తయారుచేయాలి, సందర్శకులు రావాలి, వాళ్ళకు నచ్చాలి. అప్పుడు ఆఖరి రోజు వాన.

మేం కప్పకావడి ఇస్తామన్నాం. రోకలికి వేపమండలు చుట్టి, నడుమ కప్పను కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్ళూ కప్ప మీద బిందెడు నీళ్ళు పోస్తారు. ఇందులో రెండు కట్టుబాట్లున్నాయి. ఏ ఇల్లూ పోయనని అనకూడదు. భుజానికెత్తిన కావడిని వాన పడేదాకా దించి అటకెక్కించకూడదు.

సాయంత్రం మీటింగుకు ఆఫీసు నుంచి ప్రణతి అనే అమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, చాప మీద మాతో సమానంగా కూర్చుంది. "పంతులుగారూ, మీకు నీళ్ళెంత కష్టమో తెలుసు. బిందెలోంచి వెలుగుతోనే నీళ్ళు పడుతున్నట్టు చూపించే ఏర్పాటు మా దగ్గరుంది. చూసేవాళ్ళు తేడా పట్టలేరు" అంది.

నేను లేచి నిలబడ్డాను. మైకు లేకపోయినా పెద్దగా మాట్లాడగలనన్న అహంకారం నాకెప్పుడూ ఉంది. కప్ప ముందు ఉత్త బిందె వంచితే వాన వెనక్కి పోతుందని మా అవ్వలు చెప్పేవారని, అబద్ధపు నీళ్ళతో నిజమైన వానను ఎలా అడుగుతామని, పోస్తే నిజం నీళ్ళే పోస్తామని పావుగంట దంచాను. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా అన్న కుళ్లాయప్ప. ప్రణతి సంతోషంగా రాసుకుంది. 'స్థానికుల సూచన: నిజమైన నీళ్ళు.'

మొదటి రోజు

కప్పలు మా వైపు కనబడక పదేళ్ళయింది. ఆఫీసువాళ్ళు యంత్రం కప్పను పంపారు. చేతిలో పెట్టుకుంటే మెత్తగా, చల్లగా ఉండి నాకు ఒళ్ళు జలదరించింది. దాని కళ్ళు ఎదుటివాళ్ళ మొహాలు చూస్తాయట. మొహంలో ఎంత నిజముంటే అంత గట్టిగా అరుస్తుందట. ఆ అరుపులను బట్టే ఊరికి మార్కులు.

ముందు కొస నా భుజం మీద, వెనక కొస తిప్పన్న భుజం మీద. ఊళ్ళో కావడి పాటలన్నీ వచ్చిన హనుమక్క పాట ఎత్తుకుంది, ఆడవాళ్ళు అందుకున్నారు. నూటయాభై మంది సందర్శకులు గొడుగులు పట్టుకుని మా వెనక నడిచారు. కప్ప మాత్రం ఇంటింటి దగ్గరా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు కీచుమని ఊరుకుంది.

"మీ మొకాలు జూస్తే కప్పకు నిద్దరొస్తాందే! రోంత నీళ్ళ మింద పానం పెట్టి పోయండే!" అని హనుమక్క ఆడవాళ్ళను కసిరింది.

మా అన్న వాకిట్లోకి వచ్చేసరికి కప్ప అరిచింది చూడండి, వీధి చివర కుక్కలు లేచి మొరిగాయి. ఎందుకు అరవదు? ఇంటికి రోజూ నాలుగు బిందెల నీళ్ళే బండి తెస్తుంది. అన్నా వదినా రెండింటితో బతుకుతారు. మిగతా రెండూ పెరటి వెనక ఉన్న పన్నెండు చీనీ చెట్లకు, అదే బత్తాయిలకు, పోస్తారు. రోజుకు రెండు చెట్లు, ఒక్కో చెట్టుకు ఆరు రోజులకొక బిందె. ఈ చుట్టుపక్కల మిగిలిన చీనీ చెట్లు అవే. ఇవాళ ఒక చెట్టు వంతు కప్ప తాగింది. ఐదో రోజు వాన కదా అని నేను ధైర్యంగానే ఉన్నాను.

నాలుగో రోజు

ప్రణతి మళ్ళీ మీటింగు పెట్టింది. సందర్శకులు మేం అనుకున్నదానికి మూడింతలు పేర్లు ఇచ్చారట. వానను పన్నెండో రోజుకు జరిపి, కావడి పొద్దునా సాయంత్రం రెండుసార్లు తిప్పితే, గంట వానకు బదులు మూడు గంటల వాన వస్తుందట. "నిర్ణయం మీదే. మీరు వద్దంటే రేపే గంట వాన" అంది.

గంట వాన మా నేల మీద పడితే దుమ్ము అణగడానికే సరి. మూడు గంటలంటే నీళ్ళు వేళ్ళదాకా దిగుతాయి. మళ్ళీ నేనే లేచాను. ఓర్చుకున్నవాళ్ళకే ఫలం అన్న ధోరణిలో ఏదో చెప్పాను, ఇప్పుడు సరిగ్గా గుర్తు కూడా లేదు. చేతులెత్తమన్నారు. అన్న వదిన వైపు చూశాడు. వదిన సుంకమ్మ నేల వైపు చూసింది. అన్న చెయ్యెత్తాడు.

బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి, "మూడు గంటలంటే శానా వానే గదరా వన్నూరూ?" అన్నాడు.

"శానా వానే అన్నా."

"ఎనిమిది దినాలే గదా. చెట్లు వుంటాయిలే. మొండి జాతి అవి" అన్నాడు.

రెండుసార్లు తిప్పితే కప్పకు రెండు బిందెలు. చెట్లకు మిగిలేది ఏమీ లేదు. ఆ కూడికా తీసివేతా అన్నకు నాకంటే బాగా తెలుసు.

ఆరో రోజు

ఇవాళ మూడో గడి నిండా రాశాను. ఇంకా చోటుంటే బాగుండుననిపించింది. ఎండ ఎక్కుతున్నకొద్దీ పాటలో నిజం ఎక్కుతోందని రాశాను. మొదటి రోజు మొక్కుబడిగా వంచిన చేతులు ఇప్పుడు బిందెను రెండు క్షణాలు గుండెకు ఆనించుకుని వంచుతున్నాయని రాశాను. దాహం పెరిగేకొద్దీ ఈ ఊరి మొహం వెలుగుతోందని కూడా రాశాను. ముప్పై ఏళ్ళలో నేను రాసిన వాటిలో ఇదే మంచి రాత అనిపించి పంపేముందు రెండుసార్లు చదువుకున్నాను.

కప్ప ఇప్పుడు అన్ని ఇళ్ళ దగ్గరా అరుస్తోంది. సందర్శకులు మాత్రం అన్న ఇంటి ముందే గుమిగూడుతున్నారు. వాకిట్లో చోటు చాలక గోడలెక్కి కూర్చుంటున్నారు.

తొమ్మిదో రోజు

వెనక వరస చెట్లు ఆకు ముడిచాయి. వదిన నాకు ఆ ఆకు తెచ్చి చేతిలో పెట్టింది. పట్టుకుంటే పొడి అయిపోయింది. ఆ పొడి చూసి వెళ్ళిపోయింది. నాలుగు మాటలు తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

పదకొండో రోజు

వాన రేపు రాదు. ఇరవై ఒకటో రోజుకు జరిపారు. ఈసారి మీటింగు లేదు, పలక మీద ఒక వార్త పడింది, అంతే.

పలకలోంచే ప్రణతితో మాట్లాడాను. "మేం చెయ్యెత్తలేదు కదమ్మా!" అన్నాను.

"మీ దినచర్య చదివాకే నిర్ణయించాం పంతులుగారూ" అంది ఆమె. ఆమె గొంతులో కపటం లేదు. "దాహం పెరిగేకొద్దీ ఊరి మొహం వెలుగుతోందని మీరే రాశారు. మా పైవాళ్ళందరూ చదివారు. చాలా కదిలిపోయారు. ఇంత లోతైన భాగస్వామ్యం ఏ ఊళ్ళోనూ రాలేదట. వాన ఐదు గంటలకు పెంచారు, అది సంతోషం కాదా?"

"పోనీ, ఆ వెలుగు నీళ్ళ ఏర్పాటు ఇప్పుడు పెట్టండమ్మా. మా అన్నకు చెట్లున్నాయి" అన్నాను.

"నిజమైన నీళ్ళని అందరికీ చెప్పాం కదండీ. దానికోసమే వస్తున్నారు. అది మీ సూచనే" అంది ప్రణతి.

ఇక నుంచి పలకలో రెండు ముక్కలే రాస్తాను. మిగతాది ఈ పాత హాజరు పుస్తకంలో రాసుకుంటాను. ఇది ఎవరూ అడగరు.

పన్నెండో రోజు

కావడి ఎత్తకముందే అన్న ఇంటికి వెళ్ళాను. "ఇయ్యాల నుంచి నువ్వు నిండు బిందె పోయాకు. సగం బిందె పోసి మిగతాది చెట్లకు పెట్టుకో. ఎవరడుగుతారు?" అన్నాను. అన్నతో మాట్లాడేటప్పుడు నాకు పంతులు భాష రాదు.

అన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నువ్వే గదరా సెప్పింది, వుత్త బిందె వంచితే వాన ఎనక్కి పోతాదని."

"ఏదో సెప్తిని లే అన్నా. మీటింగులో అట్లనే సెప్తారు."

"అట్లంటే ఎట్లరా? ఊరందరూ పోస్తాండారు. హనుమక్క మనవరాలు బాలింత. ఆ యమ్మి గూడా తాగే నీళ్ళు తెచ్చి పోస్తాంది. నేను ఎనక్కి తీసుకొని, రేపు వాన రాకపోతే, ఆ యమ్మి మొకం ఎట్ల జూడాల?"

అవ్వలు నిజంగా ఆ మాట చెప్పేవారో లేదో నాకిప్పుడు అనుమానం. నాకు గుర్తున్నది, వాళ్ళు నవ్వుతూ ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకోవడం. ఉత్త బిందె సంగతి మీటింగులో ఊపులో నేనే కల్పించానేమో. ఆ సంగతి అన్నతో చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే హనుమక్క పాట వీధి మొదట్లోకి వచ్చేసింది. నేను వెళ్ళి రోకలి భుజానికెత్తుకున్నాను.

పద్నాలుగో రోజు

నా భార్య పోయినప్పటి నుంచి నేను ఒంటిగాణ్ణి. కప్పకు రెండు పోయగా నాకు రెండు బిందెలు మిగులుతాయి. ఒకటి అన్న తోటకు మోసుకెళ్ళాను.

"అన్నా, రోజూ ఒకటి నేను తెస్తా. దీన్ని ఒక్క చెట్టుకే పోద్దాం. అది బతికితే దాని కొమ్మల నుంచి మళ్ళీ అంట్లు కట్టుకోవచ్చు. ఏ చెట్టో నువ్వు సెప్పు."

అన్న పన్నెండు చెట్ల నడుమ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగాడు. వాటికి పేర్లు లేవు. కానీ ఏ చెట్టు ఏ ఏడు తొలి కాపు కాసిందో, దేనికి చీడ తగిలితే వదిన సున్నం పూసిందో ఆయనకు తెలుసు. చివరికి చెంబు తెమ్మన్నాడు. నా బిందెలోంచి ఒక్కో చెట్టుకు ఒక్కో చెంబు పోశాడు. నేల చుయ్యిమంది, అంతే. నీళ్ళు పడిన గుర్తు కూడా మిగల్లేదు.

"ఇట్ల పోస్తే ఒక్కటి గూడా బతకదు అన్నా!" అని అరిచాను.

"ఒకదానికి పోసి పదకొండింటి మొకం ఎట్ల జూసేదిరా!" అన్నాడు. ఆ తర్వాత నేను ఏమన్నా వినలేదు.

నేను రోజూ బిందె తెస్తాను. ఆయన రోజూ అలాగే పోస్తాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంటికొచ్చేసరికి నా మీదికే తిరిగింది.

పదిహేడో రోజు

చెట్లకు ఆకు లేదు. పిందెలు నల్లబడి రాలిపోయాయి. అన్న గోరుతో ఒక్కో కొమ్మ బెరడు గీకి చూస్తున్నాడు, లోపల పచ్చ ఉందా అని. ఏడు చెట్లకు లేదు.

కప్ప మార్కులు ఇవాళ తొంభై దాటాయి. ప్రణతి అభినందనలు పంపింది. నేను ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

ఇరవయ్యో రోజు

వదిన చెప్పింది. నిన్న సాయంత్రం అన్న పన్నెండో చెట్టు గీకాడట, దానిలోనూ పచ్చ లేదట. గీకి, ఆ చోట మట్టి అద్ది, ఇంట్లోకి వచ్చి సంగటి ముద్ద పూర్తిగా తిన్నాడట.

"కావడి వస్తే నీళ్ళు పోస్తాండాడు మరిదీ. చెట్లు పోయినంక గూడా పోస్తాండాడు. ఎందుకబ్బా అంటే, వాన ఊరికి గదా అంటాడు" అంది. అప్పుడు వదిన కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని ఏడ్చాను. అరవై రెండేళ్ళవాణ్ణి, సిగ్గుపడలేదు.

ఇరవై ఒకటో రోజు

వాన వచ్చింది.

సాయంత్రం కావడి మూడో వీధిలో ఉండగా గాలి తిరిగింది. చినుకు పడగానే హనుమక్క పాట ఆపేసి నోరు తెరుచుకుని పైకి చూసింది. తర్వాత ఊరు ఊరంతా బయటే ఉంది. బిందెలు, గిన్నెలు, పళ్ళేలు, తొట్లు, ఏది దొరికితే అది వీధిలో పరిచారు. బాలింత పిల్ల చేతులు చాపి గిరగిరా తిరిగింది. నేను కూడా నవ్వాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒళ్ళు తడుస్తుంటే నవ్వొచ్చింది.

ఏ ఇల్లూ విడవకూడదు కాబట్టి మిగిలిన ఇళ్ళకు కూడా కావడి పోవాలి. అన్న వాకిట్లోకి వెళ్ళాం. వెయ్యిమంది ఉంటారు. అన్న బిందె చంకనెత్తుకుని బయటికొచ్చాడు. కప్ప దగ్గర ఆగలేదు. మా పక్కనుంచి, గుంపు మధ్య నుంచి నడుచుకుంటూ తోటలోకి వెళ్ళాడు. వెనకే అందరూ వెళ్ళారు. మేం కూడా రోకలితో వెళ్ళాం.

జోరున వాన. ఆ వానలో అన్న మొదటి చెట్టు మొదట్లో కూర్చుని, బిందె వంచి, నిదానంగా ఆఖరి చుక్కదాకా పోశాడు. పోసి, బిందె పక్కన పెట్టి, చెట్టును రెండు చేతులా వాటేసుకుని ఏడ్చాడు. మా అమ్మ పోయిన రోజున కూడా మా అన్న అలా ఏడవలేదు.

నా భుజం మీద కప్ప అరవడం మొదలుపెట్టింది. అంత గట్టిగా అది ఎన్నడూ అరవలేదు. రోకలి అదిరింది. సందర్శకులు మొదట చప్పట్లు కొట్టారు, తర్వాత ఒక్కొక్కరే కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టారు. నా పక్కనున్న ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "వాన వస్తే ఇంత ఆనందమా! మా ఊళ్ళో మేం ఇదంతా మర్చిపోయామండీ" అంది. చాలా మర్యాదస్తురాలు. అవునన్నట్టు తల ఊపాను.

ఐదు గంటలు కురిసింది. నీళ్ళు వేళ్ళదాకా దిగే ఉంటాయి.

ఎనిమిది రోజుల తర్వాత

కప్పను కావడి నుంచి విప్పి పారే నీళ్ళలో వదలాలి. దీన్ని మాత్రం పెట్టెలో పెట్టి సంతకం చేసి ఇచ్చాను. మార్కులు తొంభై ఎనిమిది. ఏ ఊరికీ రాలేదట. వచ్చే ఏడు కూడా తేదీ మాకే ఖాయం, నలభై రోజుల కావడి. కొత్తగా ఒక అంశం చేర్చారు: 'తోటలో వృద్ధుడి ఆనందబాష్పాలు, రోజుకు రెండుసార్లు.' దానికి సదరు వ్యక్తి అంగీకారం నేను తేవాలి.

పలక తీసుకుని వెళ్ళాను. అన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గడ్డి మొలిచింది, ఇన్నేళ్ళ తర్వాత అంత పచ్చగా. దాని మధ్యలో పన్నెండు మోళ్ళు. అంతా చదివి వినిపించాను. ఒక్క ముక్క దాచలేదు. ఉత్త బిందె మాట నేనే కల్పించి ఉంటానని కూడా చెప్పాను.

అన్న ఒక గడ్డి పరక తుంచాడు. "మంచికేలే సెప్పింటావు" అన్నాడు. "వాళ్ళకు నా ఏడుపు గావాల్నా?" అని అడిగాడు.

"అవునన్నా."

"ఏడుస్తానని రాసుకో. నలభై దినాలూ ఏడుస్తా. చెట్లు ల్యాకపోయినా వస్తాదిలే, దానికేం కరువు. ఒకటే మాట అడుగు వాళ్ళను. వాన మొదటి దినమే కురిపిమ్మను. వాన్లో నిలబడుకోని ఏడుస్తా. ఊళ్ళో ఆడోళ్ళు తాగే నీళ్ళు తెచ్చి పోసేది నేను మళ్ళా సూడలేను."

సూచనల గడిలో ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాసి పంపాను. ఇన్ని రోజుల్లో ఊరివాళ్ళ సూచన అంటే అదొక్కటే. మిగతావన్నీ నావి.

మరుసటి రోజు

జవాబు వచ్చింది. మా సూచనకు ధన్యవాదాలు చెప్పారు. పరిశీలిస్తున్నారట. ఒక చిన్న సందేహం తీర్చమన్నారు: 'వాన మొదటి రోజే కురిస్తే, ఆ వ్యక్తి ఎందుకు ఏడుస్తారు? వివరించండి.'

వివరించడానికి గడి చాలా చిన్నది, నలభై అక్షరాలకే చోటుంది. నేను మైకు లేకుండా పావుగంట మాట్లాడగలిగినవాణ్ణి. పొద్దుటి నుంచి పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి రాశాను.

'మా అన్నకు పన్నెండు చీనీ చెట్లుండేవి.'

గడిలో సరిపోయింది.